నా చేతుల మందు నీ మొహానికి కాదు

ఏమే, ఆయింట్‌మెంట్ ట్యూబు నాతోపాటు పనికి పట్టుకుపోతున్నాను, ఇల్లంతా వెతక్కు. సిమెంటుకి పగిలిన నా అరచేతులు చూసి డాక్టరు రాసిచ్చిన మందది. మంగు మచ్చలు పోతాయని నెల్లాళ్ళ నుంచి దాన్ని మొహానికి పూస్తున్నావా? నా అరచెయ్యి చెప్పు అట్టలాంటిది. నీ బుగ్గ కూడా అంతేననుకున్నావా? ఆ ఎరుపు నిగారింపు కాదు, చర్మం పలచబడుతోందని నేను అడిగితే మందుల షాపాయన తిట్టినంత పని చేశాడు. పక్కింటావిడ ఇచ్చే క్రీములేవీ దాని మీద రుద్దకు. సాయంత్రం డాక్టరు దగ్గరికి పోదాం, తయారుగా ఉండు. ఎన్నాళ్ళు రాశావో డాక్టరుకి దాచకుండా చెప్పు.

నీకు మంగు ఉందని నిన్న కోడలు చెబితేనే తెలిసింది. నలభై ఏళ్ళుగా చూస్తున్న మొహమే, నాకెప్పుడూ కనపడలేదు.