కారణం: అసభ్య పదం తొలగింపు

నెల్లూరు,
ఆదివారం.

నా మీద కోపం నిలుపుకోవడం చేతకాని నాన్నకు,

నన్ను నువ్వు తప్పుగా అర్థం చేసుకున్నావు. పాలకేంద్రం దగ్గర పదిమందిలో "మా పాప ఆ బూతుమాట ఏరి పారేసింది, చదివిస్తే ఇట్టా ఉండాల" అన్నావని అమ్మ ఫోనులో మురిసిపోతూ చెప్పింది. తిట్టి ఉంటే ఓర్చుకునేదాన్ని. ఈ మెప్పు ఓర్చుకోలేను.

ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల ఊళ్ళ చరిత్రల వెబ్‌సైటులో మన ఊరి పేజీ మొదలుపెట్టింది నేనే. పేటలో ఉండే మగ్దలీనమ్మ చెప్పింది చెప్పినట్టే ఎక్కించాను. మన పొలంలో నాట్లకు వచ్చిన రోజు మోటారు కొట్టం దగ్గర చెంబు ముట్టుకుని నీళ్ళు తాగినందుకు మన హజరత్తయ్య తాత ఆమెను కులం పేరుతో ఏమని తిట్టాడో, ఆ మాటతో సహా. ఎక్కించిన మూడోనాడు, చిన్నప్పుడు సైకిలు మీద నన్ను బడికి దించిన తాత గుర్తొచ్చాడు. పోయిన మనిషిని ఊరంతా ఇలా చదువుతుందా అనిపించి, ఆ మాట తీసి చుక్కలు పెట్టాను. మార్పుకు కారణం రాయమంటే "అసభ్య పదం తొలగింపు" అని రాశాను.

మొన్న వాళ్ళింటికి వెళితే మగ్దలీనమ్మ మనవరాలు కెజియా, నాతో డిగ్రీ చదివిన పిల్ల, నా ఎదుటే ఆ పేజీ ఆమెకు చదివి వినిపించింది. చుక్కల దగ్గర ఆగింది.

"ఏం మే, ఆగినావు?"

"ఇక్కడ చుక్కలుండాయి అవ్వా."

ముసలామె నావైపు తిరిగింది. "మీ తాత నన్ను చుక్కలు తిట్టినాడా పాపా?"

"చదివేవాళ్ళకు బాగుండదని..."

"పడినదాన్ని, నాకు బాగుండిందా? నేను చెప్పింది చెప్పినట్టు పెట్టు. ముందు టీ తాగు, చల్లారిపోతా ఉండాది."

తాగాను.

బస్సు దాకా వచ్చిన కెజియా అంది: "తాత మాట తీసేసినావు సరే. మా పేటకు నువ్వు రాసిన పేరు చూసుకున్నావా?"

బస్సులో చూసుకున్నాను. మన ఇంట్లో అందరం అనే పేరే. అందులో ఉన్నదీ ఆ మాటే. అది తాత అన్నది కాదు, ఎవరో చెప్పగా రాసుకున్నదీ కాదు. నా సొంత వాక్యం. పదిసార్లు దిద్దిన పేజీలో అది నా కంటికి అసభ్యంగా కనిపించనే లేదు. ఇంకొకరు చూపించేదాకా ఆ మాట నా నోట్లోనే ఉందని నాకు తెలియలేదు నాన్నా.

ఈ ఉత్తరంలో ఆ మాట రాయను. రాస్తే అది నేను అన్నట్టే.

ఈ పొద్దున పేజీ మార్చాను. నా వాక్యంలోంచి ఆ మాట తీసేసి, వాళ్ళు తమ పేటకు పెట్టుకున్న పేరు రాశాను. మగ్దలీనమ్మ చెప్పినదాంట్లో తాత తిట్టిన మాట పూర్తిగా, తాత పేరుతోనే తిరిగి పెట్టాను. నేను ముందు రాసిన కారణం అబద్ధమని కూడా రాశాను. ఎవరైనా తీస్తే మళ్ళీ పెడతాను. నువ్వు చెప్పినా తీయను.

నీ కూతురు,
కామాక్షి