గిర్నిల గుప్పెడు నూకలు

అక్కా,

నువ్వు పోయినంక నీ మొగన్ని చేసుకొని వచ్చినదాన్ని, నిన్ను ఫోటోలనే చూసిన. ఇయ్యాల మన పిండిగిర్ని చూడనీకి ఆఫీసరు వచ్చిండు. మూలమూల ఎతికినా ఒక్క పురుగు దొరకలే. "మస్తు సాఫ్‌గ ఉంచిండ్రు" అన్నడు. "మా పెద్దామె పెట్టిన అలవాటు సార్" అన్నడు మన మొగడు, నా దిక్కు చూడకుంటనే. తొమ్మిదేండ్ల సంది ఊడ్సేది నేను!

కడుపు మండింది. మిర్పకాయలు పట్టినంక గుప్పెడు నూకలు పోసి గిర్నిల ఘాటు తీసుడు గూడ నీ అలవాటేనట. ఇయ్యాల తియ్యొద్దనుకున్న. మిర్పకాయల ఎనుకనే పట్టనీకి వచ్చిన డబ్బ నీ బిడ్డది. దాని పసిపిల్లగానికి జావ కాయనీకి రాగులు తెచ్చింది.

రెండు గుప్పిళ్లు పోసిన. నువ్వు ఒక్కటే పోస్తుంటివట.