మా ఇంట్లో మగమనిషి

నవంబరు 14, శుక్రవారం

చెల్లాయికి అక్క ఆశీస్సులు. నీవూ మరిదిగారూ కుశలమని తలుస్తాను.

ముందుగా నీ చెవిన పడిన వార్తను సరిదిద్దనివ్వు. డెబ్బై నాలుగేళ్ళ వయసులో నేను ఇంట్లో ఏ మగవాణ్ణీ దాచలేదు. తెచ్చుకోదలిస్తే పట్టపగలు వీధి తలుపు నుంచే తెచ్చుకునేదాన్ని.

ఈ పుకారుకు మూలం పక్క వాటాలోని దర్జీ ఆవిడ. మా పడకగదుల మధ్య ఉన్నది ఒక్క ఇటుక గోడే.

కొన్నాళ్ళుగా నిద్ర లేస్తూనే కణతలు రోకలితో దంచినట్టుంటున్నాయి. కళాశాలలో రసాయన శాస్త్రం బోధించినదాన్ని, మందుల సంగతి నాకొకరు చెప్పాలా అనుకున్నాను. నిద్ర చాలకే నొప్పి అని తీర్మానించి, రాత్రికి నిద్రమాత్ర, పొద్దున నొప్పికి మరో మాత్ర వేసుకున్నాను. రాత్రి మోతాదు పెంచినకొద్దీ పొద్దుటి నొప్పీ పెరిగింది. పగలు కుర్చీలో కూర్చుంటే చాలు, చేతిలోని పుస్తకం నేల మీద ఉండేది.

చివరికి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. నా శిష్యురాళ్ళ కూతుళ్ళ వయసు. నేను తలనొప్పి గురించి చెబుతుంటే ఆమె నిద్ర గురించి అడిగింది. మీ పక్కన పడుకునేవాళ్ళెవరినైనా ఒకసారి తీసుకురండి అంది. ఎవరూ లేరన్నాను. మరి మీరెలా నిద్రపోతున్నారో మీకెలా తెలుస్తుంది మామ్మగారూ అంది. మెలకువగా ఉన్న నన్ను గురించి నాకు తెలియనిది లేదు గానీ, నిద్రపోయే నన్ను నేనెప్పుడు చూశాను?

ఆ సాయంత్రమే పుకారు సంగతి నిలదీద్దామని దర్జీ ఆవిడ గుమ్మం ఎక్కాను. ఆమె మిషను తొక్కుతూ, తలెత్తకుండానే, కోప్పడకండి పిన్నిగారూ, ఆయనెవరో నాకనవసరం గానీ ముందు డాక్టరుకు చూపించండి, గురక పెడుతూ పెడుతూ ఆగిపోతాడు, గోడకు చెవి ఆనించినా చప్పుడుండదు, పోయాడేమోనని నాకు చెమటలు పట్టేస్తాయి, అప్పుడు నీళ్ళలోంచి పైకి తేలినవాడిలా ఒక్కసారి ఊపిరి లాగుతాడు అంది.

మా ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరమ్మా అన్నాను.

మిషను ఆగిపోయింది. మరి ఆ ఆగిపోయేది అంటూ లేచి వచ్చి నా ముఖంలోకి చూసింది.

నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతోందనీ, అందుకే పొద్దుటి నొప్పి అనీ డాక్టరమ్మ పరీక్ష చేయించి తేల్చింది. నిద్రమాత్ర ఆ గొంతును మరింత సడలిస్తుందట. అంటే ఇన్నాళ్ళూ నా పీక నేనే నొక్కుకున్నాను. ఆ మాత్రలు మానేశాను. ముక్కుకు తగిలించుకునే గాలి యంత్రం రావడానికి ఇంకో నెల పడుతుందట. అందాకా ఒంటరిగా పడుకోవద్దని హెచ్చరించింది.

ఇది చదివి నీవు వచ్చి తీసుకుపోతానంటావు. వద్దు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని చిన్నప్పుడే మన అమ్మ మనిద్దరి పక్కలూ విడదీసింది. నా గురించి దిగులు పడకు. అంతా బాగానే ఉంది.

ఇట్లు,
నీ అక్క

తా.క. బాగానే ఉందన్నది అబద్ధం. మొన్న మంగళవారం గురక ఆగి, మళ్ళీ మొదలు కాలేదట. దర్జీ ఆవిడ గోడ బాదిందట, తలుపు బాదిందట. నాకేమీ వినబడలేదు. ఆమె భర్త గడియ విరగ్గొట్టి లోపలికి వచ్చి నన్ను కుదిపి లేపాడు. అప్పటికే పెదవులు నల్లబడ్డాయట. నిన్న వడ్రంగి కొత్త గడియ తెచ్చాడు. బిగించవద్దని చెప్పి పంపేశాను.