మాట్లాడుకొని కబురు చేస్తాం

దుర్గి,
సోమవారం.

చిరంజీవి అర్చనను పెదనాన్న నాగభూషణరావు దీవించి రాసేది.

ఫోన్లో అయితే నన్ను సగంలో ఆపుతావని, కాగితం మీద రాసి మన మహబూబ్ చేత ఫోటో తీయించి వాట్సాప్‌లో పంపుతున్నా. పొద్దున మీ అమ్మా నాన్నా మిరపచేలో ఉండగా ఎవడో సంచి తగిలించుకొని బండి మీద వచ్చాడు. "అర్చన ఇల్లు ఏది? ఎన్నేళ్ల నుంచి ఉంటున్నారు? కేసులేమన్నా ఉన్నాయా?" అని ఆరా తీశాడు. ఊరుగాని ఊరోడు వచ్చి మన పిల్ల గురించి అడిగితే చెప్తామా? "ఆ పేరుగల పిల్ల ఈ ఊళ్లోనే లేదు, పో" అన్నా. వీధి వీధంతా అదే మాట మీద నిలబడింది. నువ్వేం భయపడమాక.

ఇట్లు,
నీకు అండగా ఉన్న పెదనాన్న.

తా.క.: వెంకాయమ్మయితే మీ అరుగు మీదే కూర్చొని, మీ ఇల్లే లేదని చెప్పింది.

హైదరాబాద్,
మంగళవారం.

పెదనాన్నకు నమస్కారాలు.

కొంప ముంచారు. ఆయన నా కొత్త కంపెనీ తరఫున వచ్చిన మనిషి. పేరు అబ్రహాము. ఇన్ని రౌండ్ల ఇంటర్వ్యూలు గట్టెక్కి, ఆ పెద్ద కన్సల్టింగ్ కంపెనీలో ఉద్యోగం తెచ్చుకున్నాను. మనం రాసిచ్చిన సొంతూరు, ఇల్లు నిజమో కాదో చూసుకున్నాకే చేర్చుకుంటారు. ఇప్పుడు ఇలాంటి మనిషే లేదని రిపోర్టు వెళ్లింది. బతిమాలితే గురువారం మళ్లీ పంపుతామన్నారు. ఈసారీ తేడా వస్తే ఉద్యోగం పోయినట్టే. నాకు ఏడుపొస్తోంది పెదనాన్నా. మర్యాదగా మాట్లాడి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి చాలు.

ఇట్లు,
ఊళ్లో లేని పిల్ల అర్చన.

తా.క.: ఆ పూటకి వెంకాయమ్మత్తను మా అరుగు మీద కూర్చోనివ్వకండి.

దుర్గి,
గురువారం.

చిరంజీవి అర్చనకు,

మర్యాదకు ఏ లోటూ చేయలేదు. అబ్రహాముకు నాటుకోడి కూర, గోంగూర పచ్చడితో అన్నం పెట్టాం. నువ్వు ఉన్నావనీ, పుట్టినప్పటి నుంచీ ఉన్నావనీ అందరం చెప్పాం. మీ ఇంటిని ఫోటో కూడా తీసుకున్నాడు.

తర్వాత మన వంతు. పిల్ల గురించి వాళ్లు విచారించుకున్నప్పుడు, వాళ్ల గురించి మనం విచారించుకోవద్దా? "ఏందయ్యా, మీ ఓనరు ఎట్టాంటోడు? తాగుతాడా? పిల్లను ఏ ఊళ్లో పెడతారు?" అని అడిగా. పాపం, అతనికి సగం తెలియదు. గుర్‌గావ్ అనుకుంటానన్నాడు. చానా దూరం, మాకు ఇష్టం లేదని మొహం మీదే చెప్పా. చెయ్యి కడుక్కొని, "మరి ఆఫీసులో ఏం చెప్పమంటారండీ?" అన్నాడు. పిల్లను అడగొచ్చిన వాళ్లెవరికైనా చెప్పేదే చెప్పా. "మాట్లాడుకొని కబురు చేస్తాం" అన్నా.

ఇట్లు,
పెదనాన్న.

తా.క.: వేరే వాళ్లు కూడా అడుగుతున్నారని ఊరికే ఓ మాట చెవిన వేశా. అనకపోతే లోకువైపోతాం.

హైదరాబాద్,
శనివారం.

పెదనాన్నకు నమస్కారాలు.

మీ ఉత్తరం చూసినప్పటి నుంచి అన్నం సహించలేదు. మీ మీద పీకలదాకా కోపం వచ్చింది. ఇందాక హెచ్‌ఆర్ నుంచి పూర్ణిమ గారు ఫోన్ చేస్తే, ఇక అయిపోయిందనుకున్నాను.

ఆవిడ ఏమన్నారో తెలుసా? "మీవాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారట, వేరే వాళ్లు కూడా అడుగుతున్నారట కదా, అబ్రహాము చెప్పాడు. గుర్‌గావ్ దూరమైతే హైదరాబాద్‌లోనే వేస్తాం. సోమవారమే చేరిపోండి" అన్నారు. ఆ హైదరాబాద్ కోసం ఇంటర్వ్యూలో నేను ఎంత బతిమాలినా కుదరదన్న మనిషి ఆవిడే. వేరే వాళ్లెవరూ అడగట్లేదని నోటిదాకా వచ్చింది. తీరా నోరు తెరిస్తే మీ మాటే బయటికొచ్చింది. "మా పెదనాన్నతో మాట్లాడుకొని కబురు చేస్తాను" అనేశాను.

ఇట్లు,
మీ అర్చన.

తా.క.: త్వరగా మాట్లాడుకోండి పెదనాన్నా. సోమవారం ఎల్లుండే.