మార్జిన్ లేని కాగితం

చిరంజీవి అమ్మాయిని అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇన్నేళ్ళకు నేను కలం ఎందుకు పట్టానో ముందే చెప్పేస్తాను. మీ నాన్నగారి కంటికి కట్టు కట్టారు. రెండో కంట్లో మబ్బు ఎప్పటినుంచో ఉన్నదే. కొన్ని వారాలపాటు చదవడం, రాయడం కుదరదని డాక్టరు గట్టిగా చెప్పాడు. అంటే ఈ ఇంట్లో ఒక కాగితం ఆయన బల్ల మీదుగా పోకుండా గడప దాటగలిగేది ఇప్పుడే. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోను మోగితే ఆయన స్పీకరు పెట్టమంటారు, నీకు తెలుసు.

మేమిద్దరం క్షేమం. మర్యాద కోసం రాసిన మాట కాదు, ఒంటి వరకు నిజమే. నా మోకాలు సంగతి అడిగావు. మెట్లు దిగేటప్పుడు సణుగుతుంది, ప్రార్థనకు కూర్చుంటే మాత్రం నోరు మూసుకుంటుంది. దానికీ భయభక్తులున్నాయి. ఆయన కంటి ఆపరేషను బాగానే జరిగింది. మందుల చీటీ నన్ను చదవమని, మధ్యలో ఆపి, "ఆ మాట అలాగే రాశాడా?" అని అడిగారు మీ నాన్నగారు. చూడటానికి వచ్చిన పక్కింటి కుట్టుపనావిడ నా చెవిలో, "ఆ కట్టు అప్పుడే విప్పించకు వదినా, ఊళ్ళో తప్పుల బోర్డులన్నీ కాస్త ఊపిరి పీల్చుకుంటాయి" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ వెళ్ళాక వంటగదిలోకి పోయి ఏడ్చాను. ఎందుకో నిదానంగా చెబుతాను.

మీ బడిలో పిల్లల పుస్తకాలు ఎర్ర సిరాతో దిద్దాలా వద్దా అని మీటింగు పెడుతున్నారని రాశావు. "నాన్నను అడిగితే, రంగులో ఏముంది, తప్పు తప్పే అన్నారు. నువ్వేమంటావమ్మా?" అని అడిగావు. పదో తరగతితో ఆగిపోయిన నన్ను ఒక టీచరు సలహా అడగడం ఇదే మొదలు. కాబట్టి తీరిగ్గా చెప్పనీ.

నీకు ఎరుపంటే టిక్కు గుర్తే. ఎప్పుడూ ఫస్టు వచ్చేదానివి. నీ పుస్తకాల నిండా టిక్కులు, చివర 'చాలా బాగుంది' అని మీ నాన్నగారి దస్తూరి. తిండి దగ్గర కూర్చున్నా ఆ పేజీ ఎదురుగా పెట్టుకునేదానివి. అందుకే నువ్వూ అదే కలం పట్టుకున్నావు. నిన్ను తప్పుపట్టను. ఎండ తగలనివాళ్ళకు ఎండ అందంగానే ఉంటుంది.

నేను మార్జిను వైపు బతికినదాన్ని. ఈ ఇంట్లో ఏ కాగితమైనా ఎడమ పక్కన గీత గీసి, అవతలి జాగా ఆయనకు వదిలి రాయాలి. ఉత్తరాలే కాదు, సరుకుల చీటీ కూడా. కొట్టువాడు ఒకసారి, "అమ్మా, మాస్టారు దిద్దిన చీటీ ఇది, నేను తూకం వేసేది ఏ మాటకి, నల్లదానికా ఎర్రదానికా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకేం చేస్తాం.

నువ్వు కడుపులో ఉన్నప్పుడు నేను మా అమ్మ దగ్గర ఉన్నాను. కొత్త కాపురం, దూరంగా ఉన్న మొగుడు. మనసులో ఉన్నదంతా రాసి పంపాను. ఆయన జవాబుతోపాటు నా ఉత్తరం కూడా తిరిగి వచ్చింది, దిద్ది. మా నాన్న విప్పారు, మా వదిన చదివింది, మా తమ్ముడు మార్కులు కూడా వేయాల్సిందన్నాడు. ఆ ఉత్తరంలో ఏమేం రాశానో ఇప్పుడు గుర్తు లేదు తల్లీ. ఎర్రగా ఉన్నదొక్కటే గుర్తుంది. 'నిన్న సాయంత్రం మొదటిసారి కదిలింది' అని రాసిన చోట గీత కొట్టి, పక్కన 'ఇది అనవసరం, విషయం క్లుప్తంగా ఉండవలెను' అని ఉంది. ఆ కదిలింది నువ్వే.

రంగులో ఏముందంటే అది ఉంది. మనం రాసింది చెరిగిపోయి, వాళ్ళు రాసింది మిగులుతుంది.

ఆ తర్వాత ఎవరికీ ఉత్తరం రాయలేదు. అమ్మకు బద్ధకం అని నువ్వు అత్తగారింట్లో చెప్పుకునేదానివట, తెలుసు. ప్రార్థనలు పుస్తకంలో రాసుకోవడం ఒకటి మిగిలింది. ఒక రోజు పొద్దున తెరిస్తే దాని అంచున కూడా ఎర్ర చుక్కలు. దేవుడు ఇంతకాలం తప్పులతోనే విన్నాడు, ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు. పుస్తకం మూసేసి అన్నీ నోటికి పట్టాను. ఇప్పుడు వీధిలో ఆడవాళ్ళు, "ఆవిడకు ఎంత భక్తి, పుస్తకం చూడకుండా గడియసేపు చెబుతుంది" అంటారు. భక్తి కొంత. మిగతాది ఏమిటో నీకు చెప్పాను.

మీ నాన్నగారు చెడ్డవారని ఎక్కడా అనకు. ఒక్క రోజూ గొంతు పెంచలేదు, చెయ్యి ఎత్తలేదు. చేతిలో ఆ కలం ఉన్న మనిషికి చెయ్యి ఎత్తాల్సిన పనేముంది.

ఇక నీ ఉత్తరంలో నా మనవరాలు పిచ్చుక సంగతి. ఆయన మంచం మీద పడుకుని పైకి చదవమన్నారు. చదువుకుంటూ వస్తున్నాను. "పిచ్చుక నీకు రాసిన ఉత్తరం ఎర్రగా దిద్దించి ఎందుకు తిప్పి పంపావమ్మా? పరుపు కింద దాచింది. అమ్మమ్మ కూడా టీచరే అంటోంది. ఇంక రాయనంటోంది" అని ఉంది.

నాకు ఆ ఉత్తరం వచ్చిందని కూడా తెలియదు.

"పిచ్చుక నాకేమైనా రాసిందా అండీ?" అని అడిగాను.

"రాసింది. దిద్ది పంపాను."

"నాకు చూపించలేదు."

"చూపించడానికేముంది అందులో? దీర్ఘాలు లేవు, చుక్కలు లేవు, మార్జిను లేదు."

"ఏం రాసిందండీ?"

"చెప్పాను కదా."

"అది కాదు. పిల్ల ఏం రాసింది?"

చాలాసేపు ఆలోచించారు. కట్టు కింద నుదురు ముడిపడింది. నిజంగానే గుర్తు తెచ్చుకోవాలని చూశారు, అబద్ధమాడకూడదు. చివరికి, "గుర్తు లేదోయ్" అన్నారు. నా ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన ఏదైనా గుర్తు లేదనడం విన్నది అప్పుడే.

మీ మీటింగులో నా పేరు చెప్పకుండా ఈ మాట చెప్పు. ముందు వట్టి చేతులతో ఒకసారి చదవమను. పిల్ల ఏం చెప్పిందో నోటితో చెప్పగలిగాక కలం మూత తీయమను. ఆకుపచ్చ సిరా తెచ్చుకున్నా ఆయన ఆ ఉత్తరం అలాగే చదివేవారు. అయినా ఎరుపు తీసేయించు. అలవాటు పడిన చేతికి కొంచెం తడబాటైనా ఉంటుంది.

ఇప్పటిదాకా దాచుకున్నది ఇది. నీ ఉత్తరంలో ఆ తర్వాతి పేరా, ముందు అనుకున్నట్టే నీ ట్రైనింగు ఏడాది పిచ్చుకను మా దగ్గర ఉంచి చదివిస్తానని, బడి తెరిచేలోపు తీసుకొస్తానని. నేను ఎంతగా ఎదురుచూశానో నీకు తెలియదు. పిల్ల గదికి పాత చీర చింపి తెర కుట్టాను. పలికేవాళ్ళు లేని ఇల్లమ్మా ఇది. పిచ్చుక వస్తే గోడలకు మాటలొస్తాయనుకున్నాను. ఆయనా ఎదురుచూశారు. తన బల్ల పక్కన చిన్న బల్ల వేయించారు. దాని మీద కొత్త నోటు పుస్తకాల దొంతర పెట్టి, అన్నిటికీ మార్జిన్లు తనే గీశారు.

ఆ పేరా దగ్గరికి వచ్చి ఆ చిన్న బల్ల వైపు చూశాను. నా గొంతు మారకుండా, నీ ఉత్తరంలో లేని వాక్యం చదివాను. "పిచ్చుకను ఇక్కడే హాస్టల్లో చేర్చాం నాన్నా, అక్కడికి పంపడం కుదరదు, ఏమీ అనుకోకండి" అని.

"ఆ వాక్యం మళ్ళీ చదువు" అన్నారు.

మళ్ళీ చదివాను. మాట పొల్లుపోకుండా. నోటికి అప్పజెప్పడం నాకు కష్టమా.

"సరే" అన్నారు. గోడ వైపు తిరిగి, "ఆ బల్ల లోపల పెట్టించు, కాలికి తగులుతుంది" అన్నారు. ఆ గొంతు విని జాలి వేసింది. కానీ వాక్యం వెనక్కి తీసుకోలేదు.

అబద్ధం పాపమని నీకు నేర్పింది నేనే. దేవుడి ముందు కూర్చుని క్షమించమని అడగబోయాను, నోరు రాలేదు. క్షమించమంటే తప్పు చేశానని ఒప్పుకోవాలి కదా. దీపం వెలిగించి ఊరికే లేచి వచ్చాను.

కాబట్టి తల్లీ, నేను చదివిన వాక్యాన్ని నువ్వు నిజం చెయ్యి. హాస్టలో, మీ ఆడపడుచు ఇల్లో, ఎక్కడైనా ఉంచు. ఇక్కడ వద్దు. నేను అడ్డుపడతానులే అని నమ్మకు. నీ కదలిక మీద గీత పడ్డ రోజే నేను అడ్డుపడలేకపోయాను. పిచ్చుకను మాత్రం ఒకటి అడుగు, ఆ ఉత్తరంలో అమ్మమ్మకు ఏం చెప్పిందో. రాయమనకు. నోటితో చెప్పించి, నువ్వు వచ్చినప్పుడు నాకు చెప్పు.

ఈ కాగితాలు చింపకు, దాచు. ఎవరికీ చూపించకు, కట్టు విప్పాక మీ నాన్నగారు అడిగినా సరే. ఇందులో తప్పులుంటాయి, ఉండనీ. మార్జిను గీయలేదు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా రాశాను, ఇంకెవరూ ఏమీ రాయడానికి చోటు లేకుండా.

ఇట్లు,
నీ రాకకే కాని మనవరాలి రాకకు ఎదురుచూడని
పిచ్చుక అమ్మమ్మ, మీ అమ్మ