అత్తగారింటికి పోతే టూరెట్లయితది?

నాయనా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది నిండింది. ఈ ఉత్తరం నీకు అందదని తెలుసు. అయినా ఈ కోపం ఇంకెవరికి చెప్పుకోను?

పెళ్లయ్యాక మొదటిసారి టూర్ పోదామని, చరిత్ర ఉన్న ఊరే చూడాలని నీ అల్లుడు వారం నుంచి ఫోన్‌లో వెతుకుతున్నాడు. నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లో డ్యూటీ దిగి రాగానే మా అత్తమ్మను పిలిచాడు. "అమ్మా, గుజరాత్‌ల ఒక ఊరుందే! నూలుకు ముడులు కట్టి రంగులద్దుతరంట. ఇంట్లనే మగ్గాలంట!"

నాకు ఒళ్లు మండింది. ఎల్బీనగర్‌లో బస్సెక్కితే గంటకల్లా మన పోచంపల్లి. నీ మగ్గం చూడడానికి రమ్మని నువ్వు ఎన్నిసార్లు పిలిచినా, "వచ్చే ఐతారం" అంటూనే గడిపేశాడు.

ధైర్యం చేసి అన్నాను. "మా ఊర్ల గూడ గదే పని గదా?"

"అత్తగారింటికి పోతే టూరెట్లయితదే?" అని నవ్వాడు. అత్తమ్మ కూడా నవ్వింది. "నీకు అన్నీ ఎర్కనే గదా, ఆడ మాకు జర సమజయ్యేటట్టు చెప్పు" అని టికెట్లు తీసేశాడు.

నేను తలూపాను. నువ్వు నేర్పిన పని ఆయనకు చెప్పాలంటే, ఎవరి మగ్గం ముందో నిలబడాలి నాయనా.