డియర్‌కే ఫ్యాను పోయింది

రెస్పెక్టెడ్ మావయ్యగారికి,

మీ అల్లుడు నమస్కరించి రాసేది. ఇక్కడ మీ అమ్మాయి, పిల్లలు, నేను కులాసా. మీరూ అత్తయ్యగారూ బాగున్నారని తలుస్తాను.

మీ చేతిపని అంటే నాకు ఎంత గౌరవమో చెప్పాలని ఈ ఉత్తరం. కంటికి ఆ అద్దం బిగించుకుని, చీమ తలకాయంత మరని పట్టకారుతో ఎత్తి, ఎప్పుడో ఆగిపోయిన గడియారాన్ని మళ్ళీ టిక్కుటిక్కుమనిపిస్తారే, అప్పుడు మీ పక్కన గట్టిగా ఊపిరి తీయాలన్నా భయమేస్తుంది. దీన్ని ఇంగ్లీషులో అడ్మిరేషన్ అంటారు. అది నాకు మీ మీద బోలెడు ఉంది. ఇంతే సంగతి.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క. మీరిచ్చిన టేబుల్ ఫ్యాను బాగా తిరుగుతోంది.

*

అల్లుడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. ఏం కావాలో సూటిగా చెప్పు.

పోయిన ఎండాకాలం ‘డియర్ మావయ్యా’ అని రాశావు. నేనూ వెర్రివాడిలా మురిసిపోయాను. వారం తిరక్కుండా వచ్చి నా ఫ్యాను చంకన పెట్టుకుని పోయావు. పైగా దాన్ని నేను ‘ఇచ్చాను’ అంటున్నావు చూడు, అక్కడ మండింది నాకు. డియర్‌కే ఫ్యాను పోయింది, రెస్పెక్టెడ్‌కి ఏం పోతుందో! కొట్టులో ఉన్న పెద్ద గోడ గడియారం మీద నీ కన్ను పడిందని నా అనుమానం. దాని జోలికి రాకు.

ఇట్లు,
మీ మావయ్య

తా.క. నా పనిని అంత దగ్గరగా ఎందుకు చూశావో కూడా రాయి.

*

ఎస్టీమ్డ్ మావయ్యగారికి నమస్కారాలు.

అయ్యయ్యో, నాకేమీ వద్దండీ! అసలు సంగతి చెప్తాను వినండి. పార్సిల్ ఆఫీసు గోడౌన్‌లో దుమ్ము మింగీ మింగీ నాకు దగ్గు పట్టుకుంది. ముందు గదిలో కౌంటర్ దగ్గర కుర్చీ ఖాళీ అయింది. అక్కడ కూర్చోవాలంటే వచ్చినవాళ్ళతో ఇంగ్లీషులో మర్యాదగా మాట్లాడటం రావాలట. అందుకని మేనేజరు నన్ను సాయంత్రం క్లాసులో పడేశాడు.

టీచరమ్మ పెట్టిన పరీక్ష ఏమిటంటే, గౌరవం చూపించే మాటలు అప్పజెప్తే సరిపోదు. నిజంగా గౌరవించే పెద్దమనిషికి వాటితో ఉత్తరాలు రాయాలి. ‘ఈ గౌరవం నాకు అందింది’ అని ఆయన ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టి పంపాలి. అదొస్తే కుర్చీ. రాకపోతే గోడౌనూ, దగ్గూ. పెద్దమనిషి అనగానే నాకు మీరే తోచారు.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క. ఎస్టీమ్డ్ అంటే రెస్పెక్టెడ్ కన్నా ఒక మెట్టు పైన.

*

అల్లుడికి ఆశీస్సులు.

ఆఖరికి బయటపడ్డావు. సంతకం కావాలా!

ఇద్దరు పిల్లల తండ్రివి, నీకు హోంవర్కా? ఎవరి చెవిలో పెడతావయ్యా పువ్వులు? ఇవాళ ఒక్క వాక్యం రాసి సంతకం పెడతాను. రేపు ఆ పైన ఉన్న ఖాళీలో ‘నా కొట్టు మా అల్లుడికి రాసిచ్చాను’ అని నువ్వు నింపుకోవని ఏమిటి నమ్మకం? నిన్నటి నుంచి నేను సంతకాలే మానేశాను. పోస్టుమాన్ పార్సిల్ తెస్తే దానికీ మీ అత్తయ్య చేతే పెట్టించాను.

ఇట్లు,
మీ మావయ్య

తా.క. ‘పాపం, పెట్టెయ్యరాదూ’ అంటోంది మీ అత్తయ్య. ఆవిడకి లోకం తెలీదు.

మరో తా.క. ఇంకా ఎన్ని మెట్లున్నాయి?

*

వెనరబుల్ మావయ్యగారికి,

మహాప్రభో, మీకో దణ్ణం. మీ కొట్టు నాకొద్దు. గోడ గడియారం అసలే వద్దు. ఖాళీ ఉంటుందని భయమైతే కాగితమంతా నన్ను తిట్టి నింపండి. అడుగున ఆ ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టండి, చాలు. క్లాసులో అందరికీ జవాబులు వచ్చేశాయి. ఒకడికి వాళ్ళ పిన్ని ఏడుస్తూ రెండు పేజీలు రాసింది. మీ ఉత్తరాలు చూపిస్తే టీచరమ్మ, ‘ఈయన్ని మీరెందుకు గౌరవిస్తున్నారు?’ అని అడిగింది. మీ గడియారాల సంగతి చెప్పి బయటపడ్డాను.

ఇట్లు,
దగ్గుతూ,
మీ అల్లుడు

తా.క. భయపడకండి, ఇదే ఆఖరి మెట్టు.

*

అల్లుడికి,

ఈసారి ఆశీస్సులు లేవు.

వెనరబుల్ అంటే ఏమిటని పక్కనున్న మందుల షాపతన్ని అడిగాను. వయసు పైబడి, చూడగానే దణ్ణం పెట్టాలనిపించే మనిషట. కింద నువ్వే రాశావు, ఇదే ఆఖరి మెట్టని! అంటే మెట్టు మెట్టుగా ఎక్కించి నన్ను పైకి పంపేద్దామని చూస్తున్నావన్నమాట. నేను గుండ్రాయిలా ఉన్నాను. కొట్టుకి కొత్త తాళం వేశాను. గోడ గడియారాన్ని మంచం కిందికి చేర్చాను. సంతకం పెట్టను గాక పెట్టను.

ఇట్లు,
బతికే ఉన్న మీ మావయ్య

తా.క. ఇదంతా మీ అత్తయ్యకి చదివి వినిపించాను. సంచీ సర్దుకుని మీ ఊరి బస్సెక్కింది. ఎక్కనీ. నేనేమన్నా బెదురుతానా?

మరో తా.క. టీ పొడి డబ్బా ఎక్కడ పెట్టిందో అడిగి రాయి.

*

రెస్పెక్టెడ్, ఎస్టీమ్డ్, ఆనరబుల్, వెనరబుల్ అల్లుడుగారి సముఖానికి,

తమరు క్షేమమని తలుస్తాను. ఆనరబుల్ అన్నది మందుల షాపతను చెప్పాడు. చాలకపోతే ఇంకా రెండు చెప్తానన్నాడు.

తమరు చూపించిన గౌరవం నాకు అందింది. పూర్తిగా అందింది. సంతకం పెట్టాను. పైనా, పక్కనా, వెనకా బోలెడు ఖాళీ వదిలాను, తమకి తోచింది రాసుకోండి. ఫ్యాను తమరిదే.

టీ పొడి దొరికింది కానీ ఆవిడ పెట్టే టీ రావడం లేదు. కొట్టులో గడియారాలన్నీ నడుస్తున్నాయి, నాకు మాత్రం పొద్దు నడవడం లేదు. మీ అత్తయ్యకి నచ్చజెప్పి పంపించండి, మీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
మావయ్య

తా.క. గోడ గడియారం పంపమంటారా?

*

మావయ్యగారికి,

పాసయ్యాను! మీ ఉత్తరం టీచరమ్మ క్లాసంతటికీ చదివి వినిపించింది. అల్లుణ్ణి ఇంతగా గౌరవించే మామగార్ని ఎక్కడా చూడలేదంది. నేను అవునండీ అని తలూపాను. సోమవారం నుంచి ముందు గదిలో కుర్చీ నాది.

ఇక అత్తయ్యగారి సంగతి. మీ ఉత్తరం నా చేత రెండుసార్లు చదివించుకున్నారు. ‘ఆ నాలుగు మాటలూ నీకే కదా. నాకేం రాశారు?’ అన్నారు. కాగితం వెనక్కి తిప్పి చూశాను. కవరు దులిపాను. టీ గురించి రాశారండీ అన్నాను. ‘అది టీకి. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ గడియారాలన్నిటినీ మెచ్చుకున్నారు, నన్నొక్కసారి మెచ్చుకోలేదు’ అని ఫ్యాను తన వైపు తిప్పుకుని కూర్చున్నారు.

ఇంగ్లీషు అక్కర్లేదట. తెలుగులో ఒక్క వాక్యం చాలట. సంతకం మాత్రం ఉండాలట.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క. మరీ ఎక్కువ పొగడకండి, ‘ఈయనకి ఏం కావాలో’ అని అనుమానం వస్తుంది. టీ సంగతి అసలే ఎత్తకండి.